పల్లె పాటను ఎలక్ట్రిక్ గిటారు మీదికి తెచ్చిన బారిష్ మాంచో

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. ఇస్తాంబుల్‌లో ఓ కుటుంబం పెద్ద కొడుక్కి సవాష్ అని పేరు పెట్టింది. టర్కీ భాషలో దానికి జంగ్ అని అర్థం. 1943 జనవరి 2న ఇంకో కొడుకు పుట్టాడు. ఈ పిల్లాడికి బారిష్ అని పెట్టారు. అంటే శాంతి.

తల్లి రిక్కత్ శాస్త్రీయ సంగీత గాయని. ఇంట్లో వినిపించేది పాత ఉస్మానీ సంగీతం. కొడుకు మనసేమో రాక్ అండ్ రోల్ మీద పడింది. గలాతసరాయ్ స్కూల్లో చదువుతూనే తోటి కుర్రాళ్లతో బ్యాండ్ కట్టాడు. తర్వాత బెల్జియం వెళ్లి, లియేజ్‌లోని లలిత కళల అకాడమీలో చేరాడు. అక్కడ ఫ్రెంచ్‌లో పాడాడు, ఇంగ్లీషులో పాడాడు. బాగానే పాడాడు గానీ, అలా పాడేవాళ్లు యూరప్‌లో వీధికొకరు ఉన్నారు. 1967లో కారు ప్రమాదంలో పెదవికి గాయమైంది. ఆ మచ్చ కప్పుకోవడానికి పెంచిన మీసాలే చివరిదాకా ఆయన గుర్తుగా మిగిలాయి.

మలుపు 1970లో వచ్చింది. అనటోలియా పల్లెల్లో సాజ్ వాయిస్తూ ఊరూరా తిరిగే కవి గాయకులను ఆషిక్ అంటారు. ఉర్దూ తెలిసినవాళ్లకు కొత్త మాటేమీ కాదు. ఆ బాణీలో బారిష్ సొంతంగా 'దాలర్ దాలర్' అనే పాట కట్టారు. కొండలను పిలుస్తూ సాగే విరహ గీతం అది. గిటారు పక్కనే కెమెంచె అనే పాత తంత్రీ వాద్యం మోగింది. 7 లక్షలకు పైగా రికార్డులు అమ్ముడుపోయాయి. యూరప్ వెళ్లి వెతికింది చివరికి సొంత నేల మీదే దొరికిందన్నమాట.

1972లో కట్టిన బృందానికి కుర్తలాన్ ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టారు. దేశానికి ఆగ్నేయాన రైలు పట్టాలు ఆగిపోయే ఊరు కుర్తలాన్. భుజాల మీదికి జుట్టు, వేళ్లనిండా పెద్ద పెద్ద ఉంగరాలు, సుల్తానుల కాలం నాటి అంగీలు. పల్లె రాగాన్ని కలలో విన్నట్టు సాగదీసి వినిపించే సైకెడెలిక్ గిటారు, సింథసైజర్. 1975 నాటి ఆల్బమ్‌కు '2023' అని పేరు పెట్టారు. టర్కీ రిపబ్లిక్‌కు నూరేళ్లు నిండే సంవత్సరమది. మరుసటి ఏడాది ఇంగ్లీషు ఆల్బమ్‌తో యూరప్ తలుపు మళ్లీ తట్టారు. ఆశించినంత పేరు రాలేదు.

ఈ వేషం చూసి ముసలివాళ్లు ముఖం తిప్పుకోవాలి. కానీ పాటలు వాళ్ల ఇంటి మాటల్లోనే ఉండేవి, సామెతలతో నిండి. పట్నం వచ్చినవాడు ఊళ్లో వదిలేసిన గాడిదను తలచుకుంటూ కుశలమడిగే పాట ఒకటి. ప్రేమ సంగతి చెప్పబోయేసరికి వీధిలో కూరగాయలవాడు టమాటా, మిరప, వంకాయ అని కేకేయడంతో మాట గొంతులోనే ఆగిపోయిన అబ్బాయి పాట మరొకటి. బైంగన్ మీద ఇంతకంటే మంచి పాట ఎక్కడైనా ఉందా అంటే అనుమానమే! హజ్రత్ ఇబ్రాహీం ఖలీల్ (అలైహిస్సలాం) దస్తర్‌ఖాన్‌ను తలపించే పేరుతో, పంచుకుని తినడం గురించి పాడిన పాట టర్కీలో ఇంటింటికీ తెలుసు.

1988లో ప్రభుత్వ టీవీలో '7 నుంచి 77 దాకా' అనే కార్యక్రమం మొదలైంది. పదేళ్లు నడిచింది. కెమెరా పట్టుకుని 100కు పైగా దేశాలు తిరిగి చూపించారు. చిన్నపిల్లలను వేదిక మీదికి పిలిచి కబుర్లాడేవారు. ఎవరెలా పాడినా పూర్తి మార్కులే. ఒకప్పటి పొడుగు జుట్టు కుర్రాడు ఇప్పుడు పిల్లలందరికీ బారిష్ అబీ, అంటే బారిష్ అన్న. జపాన్‌లోనూ ఆయన కచేరీలకు జనం వచ్చారు.

1999 జనవరి 31 రాత్రి గుండెపోటుతో ఇంతెకాల్ అయ్యారు. వయసు 56. జనాజాకు ఇస్తాంబుల్ వీధులు కిక్కిరిసిపోయాయి. బాస్ఫరస్ ఒడ్డున కాన్లిజా ఖబ్రస్తాన్‌లో దఫన్ చేశారు. మోదా పేటలో ఆయన ఉన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఆ ఉంగరాలు, అంగీలు చూడటానికి ఆయన పోయాక పుట్టిన పిల్లలు కూడా వస్తుంటారు.