క్యాన్సర్ కణానికి మందు వెతికిన మన తెలుగువాడు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

చెన్నపట్నంలో వైద్యం చదివి, కాకినాడ ధర్మనిధి సాయంతో ఓడెక్కి, న్యూయార్కులో కన్నుమూసిన ఒక తెలుగు వైద్యుని పరిశోధన నుంచి పుట్టిన మందు ఈనాటికీ మన ఊరి మందుల షాపుల్లో దొరుకుతోంది. దాని పేరు మెథోట్రెక్సేట్. రక్త క్యాన్సర్‌కూ, కీళ్లవాతానికీ, సోరియాసిస్‌కూ డాక్టర్లు దాన్ని రాస్తున్నారు. ఆ మందు వాడేవారిలో మన తెలుగువారు ఎందరో ఉన్నారు, దాని వెనుక ఉన్న తెలుగువాని పేరు తెలిసినవారు మాత్రం తక్కువ.

ఈమధ్య మన సభ్యుల కుటుంబాల నుంచి ఒక ప్రశ్న తరచుగా వస్తోంది. కణితి ముక్క తీసి, ప్రయోగశాలలో దానిమీద రకరకాల మందులు వేసి, ఏది పనిచేస్తుందో ముందే చెబుతారట, చేయించాలా అని. ఆ ప్రశ్నకు కూడా సుబ్బారావుగారి కథలోనే కొంత జవాబు ఉంది కనుక ఆయన జీవితాన్ని కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. ఇంట్లో లేమి. పిల్లవాడికి చదువు మీద ధ్యాస నిలిచేది కాదు. పదమూడేళ్ల వయసులో డబ్బు సంపాదిద్దామని కాశీకి బయలుదేరితే తల్లి వెనక్కి రప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టారు. రాజమండ్రిలో చదివినా మెట్రిక్యులేషన్ గట్టెక్కలేదు. చివరికి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడో ప్రయత్నంలో ప్యాసయ్యారు. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ, ఆపైన మద్రాసు మెడికల్ కాలేజీ. మధ్యలో రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం తీసుకోవాలనుకున్నారు, తల్లి ఒప్పుకోలేదు. 1919లో శేషగిరిగారితో వివాహమైంది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు చదువు ఖర్చుకు అండగా నిలిచారు.

గాంధీగారి పిలుపు విని సుబ్బారావుగారు విదేశీ బట్ట మానేశారు. ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు వేసుకునే వెళ్లారు. శస్త్రచికిత్స ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డు దొరకు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్ చేతికొచ్చింది. సర్కారు వైద్యశాఖ తలుపు మూసుకుపోవడంతో డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం బోధించసాగారు.

ఆ కాలంలోనే ఇంటిమీద పిడుగు పడింది. తిన్నది ఒంటబట్టనివ్వక, విరేచనాలతో, రక్తలేమితో మనిషిని ఎండగట్టే స్ప్రూ అనే వ్యాధితో ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాతో పోయారు. ఆయనకూ అదే జబ్బు చేస్తే లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. ఆ వ్యాధికి మందు ఎందుకు లేదన్న బాధే ఆయనను పరిశోధన వైపు నడిపింది.

అమెరికా ప్రయాణానికి మామగారితోపాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి సాయం చేసింది. సత్యలింగం నాయకర్‌గారు యానాం పక్కనే ఉన్న కోరంగి ప్రాంతం నుంచి వెళ్లి బర్మాలో గడించి, ఆ సొమ్మును విద్యకూ ధర్మానికీ రాసిపోయారు. ఇల్లు విడిచి వెళ్లిన ఒక తెలుగువాని సంపాదన, ఇల్లు విడిచి వెళ్లబోయే మరో తెలుగువాని చదువుకు అక్కరకొచ్చింది. బయట రాష్ట్రాల్లో స్థిరపడిన మనం తలుచుకోవలసిన సంగతి ఇది.

1922 అక్టోబరులో సుబ్బారావుగారు బోస్టన్ చేరారు. హార్వర్డు ఉష్ణమండల వైద్య విద్యాలయంలో చదువుతూ, పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తే పని చేశారు. తర్వాత సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో రంగును బట్టి లెక్కగట్టే పద్ధతిని 1925లో వెలువరించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఇప్పటికీ నేర్చుకుంటారు. ఆ దారిలోనే కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌నూ, కణం తన పనులకు వాడుకునే శక్తిని మోసే ఏటీపీనీ గుర్తించారు. 1930లో పి.హెచ్.డి. వచ్చింది, హార్వర్డులో స్థిరమైన ఉద్యోగం మాత్రం రాలేదు. 1940లో న్యూయార్కు దగ్గర పర్ల్ రివర్‌లోని లెడర్లే మందుల కంపెనీలో చేరి, రెండేళ్లలో పరిశోధన విభాగానికి డైరెక్టరయ్యారు.

అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. రక్తలేమికి, స్ప్రూకు అది పనికొచ్చింది. సోదరులను కాపాడలేకపోయిన లోటు పాతికేళ్ల తర్వాత తీరిందనుకోవాలి. బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్, టెట్రాసైక్లిన్ జాతికి మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన డైరెక్టరుగా ఉన్నప్పుడే ఆ ప్రయోగశాల నుంచి వచ్చాయి.

ఇక క్యాన్సర్ సంగతి. కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఫోలిక్ యాసిడ్ సంబంధిత పదార్థాలు ఇచ్చి చూస్తే జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకున్నట్టు కనబడింది. అయితే దానికి అడ్డుపడేది ఇస్తే? సుబ్బారావుగారి బృందం ఫోలిక్ యాసిడ్ అణువులో చిన్నచిన్న మార్పులు చేసి అలాంటివి తయారుచేసింది. చెల్లని నాణెం అసలు నాణెంలాగే ఉండి సంచిలోకి చేరుతుంది, అంగట్లో మాత్రం చెల్లదు. ఈ మందులూ అంతే. కణం అసలుదనుకుని లోపలికి తీసుకుంటుంది, పని ఆగిపోతుంది. ఫోలిక్ యాసిడ్ లేనిదే పెరగని సూక్ష్మజీవుల మీద వేసి, పెరుగుదల ఆగుతోందా లేదా అని ప్రయోగశాలలో ముందుగా చూసేవారు.

అలా వచ్చిన అమినోప్టెరిన్‌ను ఫార్బర్ పదహారుమంది పిల్లలకు ఇస్తే పదిమందిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. అదే ఏడాది ఆగస్టు 9న సుబ్బారావుగారు గుండెపోటుతో తన గదిలో చనిపోయి కనిపించారు. వయసు 53. భార్యను మళ్లీ చూడలేదు. తాను వెళ్లాక పుట్టి పసితనంలోనే పోయిన కొడుకును అసలే చూడలేదు. భారతీయ పౌరుడుగానే మిగిలిపోయారు. అమినోప్టెరిన్ స్థానంలోకి వచ్చిన మెథోట్రెక్సేట్‌తో 1956లో అమెరికా వైద్యులు గర్భాశయంలో వచ్చే కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌ను నయం చేయగలిగారు.

ఆయన తర్వాత ఆ పనిని న్యూయార్కు హార్లెం ఆసుపత్రిలో నల్లజాతి వైద్యులు లూయీ రైట్, ఆయన కుమార్తె జేన్ రైట్ మరో మెట్టు ఎక్కించారు. ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడే మందులను రొమ్ము క్యాన్సర్ వంటి గట్టి కణితుల మీద ప్రయోగించారు. రోగి కణితి నుంచి తీసిన ముక్కను గాజుపాత్రలో పెంచి, దానిమీద మందు వేసి, అక్కడ కనబడిన ఫలితాన్ని రోగి ఒంట్లో కనబడిన ఫలితంతో పోల్చి చూశారు. మన సభ్యులు అడిగే పరీక్షకు మూలం ఇలాంటి పనిలోనే ఉంది.

ఆలోచన మంచిదే. గాజుపాత్రలో కణం ఒంటరిది. ఒంట్లో దానికి రక్తం అందుతుంది, కాలేయం మందును మారుస్తుంది, చుట్టూ ఉన్న కణాలు కాపు కాస్తాయి. తీసిన ముక్కలోని కణాలన్నీ పాత్రలో బతకవు కూడా. 1964లో జేన్ రైట్ కూడా ఒకరుగా స్థాపించిన అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘమే 2004లోనూ, 2011లోనూ ఈ పరీక్షలను పరిశీలించి, పరిశోధనలో భాగంగా తప్ప మామూలు చికిత్సలో వీటిని బట్టి మందు ఎంచుకోవద్దని చెప్పింది. కణితిలోని జన్యువులనో, గ్రాహకాలనో చూసి మందు నిర్ణయించే పరీక్షలు వేరు. రొమ్ము క్యాన్సర్‌లో హార్మోను గ్రాహకాల పరీక్ష అలాంటిది, అది తప్పనిసరి. కాబట్టి ఎవరైనా ఖరీదైన పరీక్ష చెబితే అది ఈ రెండింటిలో ఏదో, దాని ఫలితాన్ని బట్టి చికిత్స నిజంగా మారుతుందో లేదో మీ క్యాన్సర్ డాక్టరునే అడగండి. నగలు తాకట్టుపెట్టే ముందు అడగండి.

సుబ్బారావుగారి శతజయంతి సందర్భంగా 1995లో మన తపాలాశాఖ బిళ్ల విడుదల చేసింది. వచ్చే జనవరి 12న ప్రతి ఊరి తెలుగు సంఘంలో ఆయన బొమ్మ పెట్టి, పిల్లల చేత ఆయన గురించి నాలుగు మాటలు తెలుగులో చెప్పిద్దాం. వీలైతే ఆరోజు ఊళ్లోని ఒక క్యాన్సర్ డాక్టరును పిలిచి, మన పెద్దల సందేహాలకు మన భాషలో జవాబులు చెప్పిద్దాం.