ఇసుకలో నీటి లెక్క తేల్చిన డార్సీ

పీజీలో మేము డార్సీ సూత్రం చదువుకున్నాం. ఆ మహనీయుని జీవితం మన హాస్టల్ విద్యార్థులందరూ తెలుసుకోదగినది.

హెన్రీ డార్సీ 1803 జూన్ 10న ఫ్రాన్స్‌లోని దిజోన్ నగరంలో జన్మించారు. పద్నాలుగేళ్లకే తండ్రిని కోల్పోయారు. తల్లి అప్పు చేసి చదివించింది. ఆ అప్పు బరువు ఎంతో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. పారిస్‌లో ఇంజనీరింగ్ పూర్తిచేసి ఆయన సొంత ఊరికే తిరిగి వచ్చారు. మంచినీటికి అల్లాడుతున్న దిజోన్‌కు 1840లో దాదాపు 12.7 కిలోమీటర్ల దూరంలోని ఊట నుండి కాలువ ద్వారా నీరు తెచ్చారు. అందుకు రావలసిన ప్రతిఫలం తీసుకోలేదు.

తర్వాత ఇసుక నింపిన గొట్టంలో నీరు పోసి ఎంత దిగుతుందో కొలిచారు. పీడనంలో తేడా పెరిగితే ప్రవాహం పెరుగుతుంది, ఇసుక మందం పెరిగితే తగ్గుతుంది. 1856లో ఈ సూత్రాన్ని ప్రచురించి, 1858 జనవరి 3న కన్నుమూశారు.

నేడు షేల్ బావుల గ్యాస్ అంచనాకు పునాది ఇదే. నీరు, ఇసుక అధిక పీడనంతో పంపి షేల్ రాయిని పగులగొడతారు. ఆ పగుళ్లు మూసుకోకుండా ఇసుక ఆపుతుంది. పగుళ్లకు దగ్గరి గ్యాస్ ముందు వస్తుంది, దూరపుది ఆలస్యమవుతుంది. అందుకే తొలి దశలో గడిచిన కాలం నాలుగు రెట్లయితే ఉత్పత్తి రేటు సుమారు సగమవుతుంది. పక్కపక్క పగుళ్ల మధ్య గ్యాస్ పీడనం తగ్గాక మరింత వేగంగా పడిపోతుంది. రాతి రంధ్రాలు అతి సూక్ష్మం కనుక సూత్రానికి కొన్ని సవరణలూ చేస్తారు. తొలి నెలల జోరు చూసి లెక్క కడితే పెట్టుబడి మునుగుతుంది.

మిత్రులారా, అప్పు చేసి చదివించిన ఆ తల్లి బిడ్డ ఊరి దాహం తీర్చాడు, లోకానికి ఒక సూత్రం ఇచ్చాడు. మన చదువు కూడా మన ఊరికి అక్కరకు రావాలి.