రూపాయి గురించి వ్రాసిన అంబేడ్కర్

కోటు తొడుక్కుని, చేతిలో పుస్తకం పట్టుకొని చౌరస్తాలో నిలబడ్డ అంబేడ్కర్ విగ్రహం చూడని వాళ్ళు మనలో లేరు. ఆ పుస్తకం రాజ్యాంగమని చిన్న పిల్లవాణ్ణి అడిగినా చెప్తాడు. కాని దానికి పాతికేండ్ల ముందే ఆయన రూపాయి మీద ఒక పెద్ద గ్రంథం వ్రాశారన్న సంగతి మన మిత్రుల్లో చాలామందికి తెలియదు. మొన్నటిదాకా నాకూ తెలియదు.

భీంరావు 1891 ఏప్రిల్ 14న మౌ కంటోన్మెంటులో సుబేదారు రాంజీ సక్పాల్ ఇంట జన్మించారు. బడిలో అందరికీ దూరంగా గోనెపట్టా మీద కూర్చుని చదువుకున్నారు. బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 1913లో అమెరికాకు, 1916లో లండన్‌కు వెళ్ళారు. గడువు తీరి 1917లో చదువు నడుమనే తిరిగి రావలసి వచ్చింది. బరోడాలో కొలువైతే దొరికింది గాని తలదాచుకోను ఇల్లు దొరకలేదు. బొంబాయి సిడెన్‌హాం కాలేజీలో పాఠాలు చెప్పి జీతంలో కొంత మిగిల్చుకున్నారు. దానికి కొల్హాపూర్ మహారాజు సాయం, ఒక పార్సీ స్నేహితుని అప్పు కలుపుకొని 1920లో మళ్ళీ లండన్ చేరారు.

అక్కడ అర్ధాకలితో లైబ్రరీల్లో కూర్చుని వ్రాసిన సిద్ధాంత గ్రంథాన్ని పరీక్షకులు మార్చి వ్రాయమన్నారు. అప్పటికి చేతిలో పైసలు అయిపోయినవి. బొంబాయికి వచ్చి, అక్కడే దిద్ది పంపితే 1923లో డి.ఎస్సి. పట్టా వచ్చింది. ఆ ఏడే 'ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రూపీ' అచ్చయింది.

ఇంతకీ ఆ సమస్య ఏమిటి? నేను సైన్సు విద్యార్థిని, నాకు అర్థమైనంత చెప్తాను. అప్పటి రూపాయి వెండి నాణెం. 1870ల తర్వాత వెండి ధర పడిపోసాగింది. 1893లో ప్రజలు తెచ్చిన వెండిని నాణేలుగా కొట్టివ్వడం సర్కారు ఆపేసింది. తర్వాత రూపాయిని 1 షిల్లింగు 4 పెన్సుల దగ్గర నిలబెట్టింది. కీన్స్ అంతటి పండితుడు ఈ పద్ధతిని మెచ్చుకున్నాడు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. రూపాయికి లండన్‌లో ఎన్ని పెన్సులన్నది కాదు, బజారులో ఎంత సరుకు వస్తదన్నది చూడాలి అన్నది ఆయన వాదం. సర్కారు ఇష్టమొచ్చినన్ని రూపాయలు కొడితే ధరలు పెరుగుతవి. సరుకు అమ్మేవాడికి వెంటనే లాభం, కూలి మాత్రం అంత తొందరగా పెరగదు. ఆ లాభం కూలివాడి గంజిలోనుంచి తీసిందే. చెరుకు కొట్టే వాళ్ళను ఏటా చూసే మన బోధన్ దిక్కు వాళ్ళకు ఇది వేరే చెప్పాలా?

ఆ రోజుల్లో మన జిల్లాలో నడిచింది నిజాం హాలీ సిక్కా. 7 హాలీ రూపాయలిస్తే 6 కల్దార్ రూపాయలు. కల్దార్ అంటే అంబేడ్కర్ వ్రాసిన ఆ రూపాయే. దాని విలువ కదిలితే మనదీ కదలక తప్పదు.

1925లో హిల్టన్ యంగ్ కమిషన్ ముందు ఆయన సాక్ష్యమిచ్చారు. రూపాయల ముద్రణ పూర్తిగా ఆపాలి, పక్కన బంగారు నాణెం నడపాలి అన్నారు. కమిషన్ ఆ దారి పట్టలేదు. 1935లో వచ్చిన రిజర్వు బ్యాంకు ఆయన పుస్తకంలోంచే పుట్టిందని కొందరంటారు. అది కొంచెం ఎక్కువ చెప్పడమే అని నాకు తోస్తుంది. పొగడ్త లేకున్నా ఆ పుస్తకం నిలుస్తది.

1947లో దాన్ని మళ్ళీ అచ్చు వేస్తూ మొదటి సంపుటం అని పేరు పెట్టారు. 1953లో మన ఉస్మానియా ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1956 డిసెంబరు 6న కన్నుమూశారు. రెండో సంపుటం రాలేదు.