చిట్టెలుకల టీచరమ్మ ఆబీ లాత్రప్

ఎలుక అంటే మా హాస్టల్లో అందరికీ కోపమే. బియ్యం బస్తాలు కొరుకుతుంది, ట్రంకు పెట్టెలో దాచుకున్న అటుకులూ వదలదు. అటువంటి ఎలుకలను వేల సంఖ్యలో సాకి, కేన్సర్ పరిశోధనకు దారి చూపిన ఒక స్త్రీ ఉన్నారని తెలిసి మేము ఆశ్చర్యపోయాము. ఆమె పేరు ఆబీ లాత్రప్.

ఆమె 1868లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో జన్మించారు. తల్లిదండ్రులిద్దరూ ఉపాధ్యాయులే. ఆమె కూడా టీచరుగా పనిచేశారు. కానీ పెర్నిషియస్ ఎనీమియా అనే రక్తహీనత జబ్బు వల్ల బడి మానుకోవలసి వచ్చింది. 1900లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని గ్రాన్బీ అనే చిన్న ఊరు చేరి కోళ్లు పెంచారు. కలిసిరాలేదు. అప్పుడు గిరగిరా తిరిగే జాతి చిట్టెలుకల జత ఒకటి తెచ్చి, పిల్లలను పెంపుడు జంతువులుగా అమ్మడం మొదలుపెట్టారు. కొద్దికాలానికే హార్వర్డ్ శాస్త్రవేత్తలు ప్రయోగాల కోసం ఆమె దగ్గర కొనసాగారు. ఒక దశలో ఆ దొడ్లో 11,000 చిట్టెలుకలు ఉండేవట!

అన్నింటిని సాకడం మాటలా? చెక్కపెట్టెల్లో గడ్డి పరిచి వాటిని ఉంచేవారు. మేత ఓట్స్, బిస్కెట్లు. తడిసిన గడ్డి తీయకపోతే మూత్రం ఘాటుకు ఎలుకలకు ఊపిరి జబ్బులు వస్తాయి. ఇరుకులో ఒకదానికి వచ్చిన జబ్బు అన్నింటికీ పాకుతుంది. జబ్బు ఎలుకతో చేసిన ప్రయోగాన్ని ఎవరు నమ్ముతారు? అందుకే పెట్టెలు శుభ్రం చేయడానికి ఊరి పిల్లలను గంటకు 7 సెంట్ల కూలికి పెట్టుకున్నారు. మా వయసు వాళ్లే అయి ఉంటారు! ఏ పిల్ల ఏ తల్లిదో, ఏది ఎప్పుడు చనిపోయిందో ఆమె పుస్తకాల్లో రాసుకునేవారు.

1908 ప్రాంతంలో కొన్ని చిట్టెలుకల చర్మం మీద వింత పుండ్లు కనిపించాయి. మరొకరైతే పారేసేవారు. ఆమె వాటిని శాస్త్రవేత్తలకు పంపారు. లియో లోబ్ అనే వైద్య శాస్త్రవేత్త అది కేన్సరని తేల్చారు. తర్వాత ఇద్దరూ కలిసి పనిచేసి, 1913 నుంచి 1919 వరకు పది పరిశోధన పత్రాలు వెలువరించారు. కొన్ని ఎలుక కుటుంబాల్లో కేన్సర్ ఎక్కువ, కొన్నింటిలో తక్కువ అని చూపారు. ఆడ ఎలుకల అండాశయాలు తొలగిస్తే రొమ్ము కేన్సర్ తగ్గుతుందని కనుగొన్నారు. డాక్టరు పట్టా లేని ఆమె పేరు ఆ పత్రాల మీద ఉంది. ప్రయోగాలకు వెళ్లిన ఎలుకలు అక్కడే ప్రాణాలు విడిచేవి. ఈ మాట రాయకుండా దాటలేము.

1918లో ఆబీ ఆ పాత రక్తహీనతతోనే కన్నుమూశారు. ఆ జబ్బుకు కాలేయం తినిపిస్తే తగ్గుతుందని తెలిసింది 1926లో. కాలేయంలో మేలు చేసే ఆ పదార్థం కోసం తర్వాత హార్వర్డ్‌లో వెదికినవారిలో మన యల్లాప్రగడ సుబ్బారావు గారూ ఒకరు. ఎనిమిదేళ్లు ముందు తెలిసి ఉంటే ఆమె బతికేవారేమో.

1921లో క్లారెన్స్ లిటిల్ అనే శాస్త్రవేత్త ఆమె దొడ్డి నుంచి వచ్చిన 57వ నంబరు ఆడ ఎలుకతో ఒక వంశం మొదలుపెట్టారు. నేటికీ ప్రపంచంలోని లాబొరేటరీల్లో ఎక్కువగా వాడే నల్ల చిట్టెలుక ఆ సంతతిదే. 2002లో చిట్టెలుకల్లో మొట్టమొదట జన్యుపటం ప్రకటించింది కూడా దానిదే. ఆబీ రాసుకున్న నోటు పుస్తకాలు మెయిన్ రాష్ట్రంలోని జాక్సన్ లాబొరేటరీలో భద్రంగా ఉన్నాయి.