ఆడవేషానికి గౌరవం తెచ్చిన స్థానం వారు



ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆఫీసు వార్షికోత్సవ నాటకంలో నేను చంద్రమతి వేషం వేశాను. మరునాటి నుండి తోటివారు నన్ను అమ్మాయీ అని పిలవసాగారు. సిగ్గుపడి మళ్ళీ ముఖానికి రంగు పూసుకోలేదు.

స్థానం నరసింహారావు గారు 1902లో బాపట్లలో జన్మించారు. 1920లో చంద్రమతి వేషధారి రాకపోతే ఆ పాత్ర వేసి రంగమెక్కారు. ఆపై తెనాలి రామవిలాస సభ నాటకాలలో సత్యభామ, చింతామణి, రోషనార, మధురవాణి. చీర చుట్టి గొంతు సన్నం చేస్తే ఆడవేషం కాదు. ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క నడక, చూపు, కట్టు, జడ ఉండాలి. సత్యభామ అలక వేరు, చింతామణి ఒయ్యారం వేరు. తన నటనానుభవాన్ని 'నటస్థానం'గా గ్రంథస్థం చేశారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. 1971లో కన్నుమూశారు.

మన రైలుదారిలోని తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవగారు స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలన్నారు. అదీ న్యాయమే. అంతమాత్రాన స్థానం వారి విద్య చిన్నది కాదు.

మొన్న మా మనవడు బడి నాటకంలో సత్యభామ వేషం వేస్తానన్నాడు. ఇంట్లో అందరూ నవ్వారు. సవరం పెట్టి జడ నేనే అల్లాను.