జిగ్మంట్ గంటకు ఐదు వందల ఏళ్ల అభినందన

పోలండ్‌లోని క్రాకూఫ్ నగరంలో, వావెల్ కొండ మీది పెద్ద చర్చి గోపురంలో ఉన్న జిగ్మంట్ గంట తొలిసారి 1521 జూలై 13న మోగింది. 2021తో దానికి ఐదు వందల ఏళ్లు నిండాయి. ఆ గంటకూ, దాన్ని పోత పోసిన న్యూరెంబర్గ్ పనివాడు హాన్స్ బేహెమ్ జ్ఞాపకానికీ, నేటికీ తాళ్లు పట్టి లాగుతున్న వారికీ మనసారా అభినందనలు!

రాజు మొదటి సిగిస్మండ్ చేయించిన కంచు గంట అది. మూతి వెడల్పు 242 సెంటీమీటర్లు. సరంజామాతో కలిపి బరువు 12 టన్నుల పైమాటే.

అంతటి కంచును చూసినవారికి మట్టి గుర్తుకు రాదు. కానీ ఆనాటి పోతపనిలో సగం విద్య మట్టిదే. గొయ్యిలో ముందుగా గంట లోపలి ఆకారానికి దిమ్మ కట్టేవారు. గంట వంపుకు కోసిన చెక్కపలకను దాని చుట్టూ తిప్పుతూ, మట్టితోనే ఉత్తుత్తి గంటను తీర్చేవారు. దానిమీద మైనంతో అక్షరాలు, బొమ్మలు అతికించి, పైన మరో మట్టి తొడుగు వేసి సెగపెట్టేవారు. మైనం కరిగిపోయి, బొమ్మల గుర్తులు తొడుగు లోపల మిగిలేవి. తొడుగెత్తి, ఉత్తుత్తి గంటను పగలగొట్టి తీసేసి, తొడుగును మళ్లీ దింపితే నడుమ మిగిలిన ఖాళీలోకి కంచు దిగాలి. గంట గొంతు ఎలా ఉండాలో కొలిమి రాజుకోకముందే ఆ చెక్క వంపు చాలావరకు తేల్చేసేది. ఎంత ధీమా కావాలి ఆ పనికి!

కంచుకు నాలుగు పాళ్లు రాగి, ఒక పాలు తగరం. తగరం తగ్గితే నాదం మందగిస్తుంది, మితిమీరితే గంట పెళుసవుతుంది. ఫిరంగులకైతే అందులో సగం తగరమే చాలు. గంటలు పోసిన చేతులే ఫిరంగులూ పోసేవి. 1540లో వెనిస్‌లో అచ్చయిన, లోహవిద్యా నిపుణుడు బిరింగుచ్చో రాసిన గ్రంథం రెండింటినీ వివరించింది. రెండు పనుల్లోనూ అచ్చులో తడి మిగిలితే ఆవిరి పుట్టి పోతంతా పాడయ్యేది.

2000 డిసెంబరు 25న ఈ గంట నాలుక విరిగింది. 2001లో కొత్తది బిగించారు. బేహెమ్ పోసిన కంచు మాత్రం చెక్కుచెదరలేదు. పెద్ద పండుగలకు దాన్ని మోగించడానికి నేటికీ పన్నెండు మంది కూడుతారు. ఆ తాళ్లకు తరతరాలా బలమైన చేతులు దొరకాలని మా ఆకాంక్ష.