డాక్ బాగ్స్

డాక్ బాగ్స్ (1898 ఫిబ్రవరి 7 – 1971 ఫిబ్రవరి 7) అమెరికాకు చెందిన ప్రముఖ జానపద గాయకుడు, బాంజో వాద్యకారుడు. అసలు పేరు మోరాన్ లీ బాగ్స్. వృత్తిరీత్యా బొగ్గుగని కార్మికుడు. అపలాచియన్ పర్వత ప్రాంతపు పాత బాంజో సంప్రదాయములో ఈయన వాదనశైలి తక్కినవారి శైలికి భిన్నమైనది. యువకుడిగా 12 పాటలు మాత్రమే రికార్డు చేసి, ఆ తరువాత సుమారు పాతికేళ్ళపాటు బాంజోను ముట్టక, 65వ ఏట తిరిగి వేదికనెక్కాడు.

బాల్యము

బాగ్స్ వర్జీనియా రాష్ట్రములోని వెస్ట్ నార్టన్‌లో జన్మించాడు. తల్లిదండ్రుల పదిమంది సంతానములో చివరివాడు. ఊరి వైద్యుని పేరు పెట్టినందువలన ఇంటిలో డాక్ అని పిలిచేవారు, అదే స్థిరపడింది. 1890లలో రైలుమార్గముతో పాటు బొగ్గు గనులు వచ్చి, అక్కడి సేద్యగాళ్ళను కూలివాళ్ళుగా మార్చాయి. బాగ్స్ కూడా 12 ఏళ్ళ వయసులోనే గనిపనిలో చేరాడు.

తండ్రి పాటలు పాడేవాడు, అన్నలు అక్కలలో కొందరు బాంజో వాయించేవారు. అయితే బాలుని మనసు దోచినది ఇంటిలోని వాద్యము కాదు. సమీపములోని డార్చెస్టర్ అనే గని ఊరిలో నల్లజాతి కార్మికుల నాట్యములు జరిగే చోటికి రాత్రివేళ వెళ్ళి, అక్కడి బాంజో వాద్యకారులు వ్రేళ్ళతో ఒక్కొక్క తీగను విడివిడిగా మీటడం చూశాడు. తానూ అలాగే వాయించాలని అప్పుడే నిశ్చయించుకొన్నాడు. తరువాత రోస్కో అనే అన్న వద్ద, హోమర్ క్రాఫర్డ్ అనే సంచార గాయకుని వద్ద ఆ పద్ధతిలో మెళకువలు నేర్చుకొన్నాడు.

వాదనశైలి

మన దేశములో బాంజో అనే పేరుతో వ్యవహరించే, మీటలున్న బుల్‌బుల్ తరంగ్ వేరు, ఈ బాంజో వేరు. ఇది ఆఫ్రికానుండి బానిసలుగా తీసుకొని రాబడినవారి ద్వారా అమెరికాకు చేరిన వాద్యము. కంజిరవలె చర్మము బిగించిన గుండ్రని చట్రము, పొడవైన మెడ, అయిదు తీగలు ఉంటాయి. అయిదవ తీగ పొట్టిది, దాని బిరడ మెడ మధ్యలోనే ఉంటుంది. ఈ తీగను సాధారణముగా నొక్కకుండా బొటనవ్రేలితో మీటుతారు. వీణలోని ప్రక్క తీగలవలె అది ఒకే స్వరమును పలుకుతూ ఉంటుంది.

ఆ కొండప్రాంతములో ఎక్కువమందికి తెలిసిన పద్ధతి క్లాహామర్. దీనినే ఫ్రెయిలింగ్ అని కూడా అంటారు. ఇందులో చేతిని పంజావలె ముడిచి, చూపుడువ్రేలి లేదా నడిమివ్రేలి గోటి వెనుకభాగముతో తీగను పైనుండి క్రిందికి కొడతారు. వెంటనే బొటనవ్రేలు అయిదవ తీగను మీటుతుంది. నాట్యమునకు కావలసిన లయ ఇందులో దండిగా ఉంటుంది గాని, మందగతిలో సాగే పాటలోని ప్రతి స్వరమును వెంబడించడం కష్టము.

బాగ్స్ చేతికదలిక దీనికి వ్యతిరేకము. చూపుడు, నడిమివ్రేళ్ళతో పై తీగలను క్రిందినుండి పైకి మీటుతూ, బొటనవ్రేలితో తక్కిన తీగలను పలికించేవాడు. పాటకు తగినట్లు తీగల శ్రుతి మార్చుకొనేవాడు. గొంతు ఏ స్వరము పలికితే బాంజో దాదాపు అదే స్వరము పలికేది, అందుచేత వాద్యము పాటకు తాళము వేస్తున్నట్లు గాక, తోడుగా పాడుతున్నట్లు వినబడుతుంది. నల్లజాతి గాయనుల బ్లూస్ రికార్డులు విని, ఆ పాటలను బాంజో మీదకు తీసుకొనిరావడం ఈ పద్ధతివలననే ఈయనకు సాధ్యమైంది.

మూడు వ్రేళ్ళు వాడినంత మాత్రాన అన్నీ ఒకటే శైలి కావు. సమకాలికుడైన చార్లీ పూల్ (1892–1931) మూడు వ్రేళ్ళ పద్ధతి పట్టణ వేదికల బాంజో సంగీతమునకు దగ్గరగా ఉంటుంది. 1945లో బిల్ మన్రో బృందములో చేరిన ఎర్ల్ స్క్రగ్స్ వేగముతో బ్లూగ్రాస్ శైలి ప్రసిద్ధికెక్కింది. బాగ్స్ వాదనలో ఆ వేగము లేదు.

రికార్డులు, విరామము

1927లో బ్రన్స్‌విక్ సంస్థవారు నార్టన్ హోటలులో గాయకులను పరీక్షించినపుడు, బాగ్స్ అరువు తెచ్చుకొన్న బాంజోతో వెళ్ళి ఎంపికయ్యాడు. న్యూయార్కులో 8 పాటలు రికార్డు చేశాడు. 1929లో లోన్‌సమ్ ఏస్ అనే చిన్న సంస్థకు మరో 4 పాటలు పాడాడు. పాటల ఆదాయముతో గనినుండి బయటపడవచ్చునని ఆశించాడు. కాని ఆ ఏడే ఆర్థికమాంద్యము మొదలై రికార్డుల వ్యాపారము కుప్పకూలింది.

ఇంటిలోనూ చిక్కు ఉండేది. 1918లో వివాహమాడిన భార్య సారాకు ఈ లౌకిక గీతములు పాపకార్యముగా తోచేవి. ఆ పాటలు సాగే చోట మద్యము, కొట్లాటలు సామాన్యము కనుక ఆమె భయము అకారణము కాదు. 1930ల తొలినాళ్ళలో బాగ్స్ బాంజోను తాకట్టు పెట్టి, గనిపనిలోనే ఉండిపోయాడు. 1954లో విశ్రాంతి తీసుకొన్నాడు.

పునరాగమనము

1952లో హ్యారీ స్మిత్ కూర్పుతో ఫోక్‌వేస్ సంస్థ వెలువరించిన 84 పాటల సంకలనములో బాగ్స్ పాటలు రెండు ఉన్నాయి. వాటిని విన్న యువ గాయకులలో చాలామందికి ఆయన సజీవుడేనన్న సంగతి తెలియదు. పీట్ సీగర్ సవతి తమ్ముడు, స్వయముగా బాంజో వాద్యకారుడు అయిన మైక్ సీగర్ 1963లో నార్టన్ వద్ద ఆయనను వెదకి పట్టుకొన్నాడు. అప్పటికి కొద్దికాలము ముందే బాగ్స్ మళ్ళీ సాధన మొదలుపెట్టడం విశేషము. అదే సంవత్సరము న్యూపోర్ట్ జానపదోత్సవములో పాడాడు. తరువాతి సంవత్సరములలో మూడు ఆల్బములు వెలువడ్డాయి. సీగర్ ఆయన జీవిత విశేషములను కూడా ఆయన మాటలలోనే రికార్డు చేశాడు.

బాగ్స్ తన 73వ పుట్టినరోజునాడు మరణించాడు. తొలినాటి 12 పాటలు 1997లోను, 1963–68 మధ్య పాడినవి 1998లోను సీడీలుగా తిరిగి వెలువడ్డాయి.